కత్తి ఏ మేజోడులో

కత్తి కుడి మేజోడులో పెట్టుకోవాలా, ఎడమ మేజోడులోనా? ఇంత చిన్న ప్రశ్నకు జవాబు తేల్చుకోలేని మనిషి, ఒక ఆడపిల్లను చేయి పట్టి చర్చిలోకి నడిపించడానికి తగునా?

పడకగది అద్దం ముందు నిలబడి మర్డో మెకాస్కిల్ తనను తాను అడిగిన ప్రశ్న ఇది. అద్దం జవాబు చెప్పలేదు. అద్దాల తీరే అంత. అడిగినవాణ్ణి అడిగినవాడికే అప్పగించి ఊరుకుంటాయి. పైగా ఈ విషయంలో అద్దం సాక్ష్యం చెల్లదు. అందులో కుడి ఎడమవుతుంది.

పెళ్ళికీ పండగకూ అక్కడి మగవాళ్ళు నడుము నుంచి మోకాళ్ళ దాకా చుట్టుకునే ఉన్ని గుడ్డ, కిల్టు వరకూ అతనికి పేచీ లేదు. అది తండ్రిది. ముదురాకుపచ్చ మీద నీలి గళ్ళు. ముందు రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పడతాయి; వెనక కుచ్చిళ్ళు ఇప్పటికీ మడత చెదరకుండా నిలబడతాయి. పెట్టె తెరిచిన రోజు నుంచి గదిలో కలరా ఉండల వాసనా, తడిసిన గొర్రె వాసనా ఒకదాన్నొకటి తరుముతున్నాయి. చిక్కంతా మంచం మీద పరచి ఉన్న మిగతా సరంజామాతోనే. నడుముకు ముందు గొలుసుతో వేలాడే తోలుసంచి, స్పోరన్. మేజోళ్ళను మోకాలి కింద బిగించే ఎర్ర పట్టీలు. కిల్టు అంచున గుచ్చే వెండి పిన్ను. మేజోడులో దోపుకునే చిన్న కత్తి. నల్ల పిడి, పిడి తలలో తేనెరంగు రాయి.

పిన్నూ కత్తీ మర్డోవి కావు, టోర్మద్‌వి. టోర్మద్ అంటే మర్డో భార్య మోరాగ్‌కు మొదటి భర్త, ఈవేళ పెళ్ళికూతురైన మర్సలీకి కన్నతండ్రి. ఆ పిల్లకు ఊహ తెలిసీ తెలియని రోజుల్లోనే గుండెజబ్బుతో పోయాడు. ఉండి ఉంటే పిల్లను చేయి పట్టి చర్చిలోకి నడిపించాల్సింది అతనే. అతని అన్న హెక్టర్ నిన్న ఆ రెండు వస్తువులనూ జేబురుమాలులో చుట్టి తెచ్చాడు. హెక్టర్ పటాలంలో, తిత్తిలోకి గాలి ఊది వాయించే బ్యాగ్‌పైపుల దళానికి సార్జెంటుగా చేసి దిగిన మనిషి. సోఫాలో కూర్చున్నా కవాతులో ఉన్నట్టే ఉంటాడు.

“తమ్ముడివి ఇవి,” అన్నాడు రుమాలు విప్పుతూ. “వాడు కత్తి కుడి మేజోడులో పెట్టుకునేవాడు. నువ్వూ అక్కడే పెట్టుకో. ఏదైనా తేడా వస్తే కంగారుపడకు. నేనున్నాను. నా కిల్టు ఇస్త్రీ చేసే ఉంది.”

ఆ చివరి మాట మర్డో గొంతులో చేపముల్లులా దిగబడింది. మింగుడు పడదు, బయటికీ రాదు.

మర్సలీ అతన్ని అడిగింది శీతాకాలంలో. మర్డో నడిపే పడవలోనే, ఆర్డ్‌వోర్ రేవు నుంచి ఎదురొడ్డున చర్చి ఉన్న కిల్లాన్‌కు దాటుతుండగా. “మర్డో, పెళ్ళిరోజు నన్ను నువ్వే నడిపించాలి,” అంది, టికెట్టు అడిగినంత మామూలుగా. అతను “ఊఁ” అన్నాడు; అని, అవసరమేమీ లేకపోయినా పడవ హారన్ మోగించాడు. ఎదురుగా ఒక నీటికాకి తప్ప ఎవరూ లేరు. అది కూడా పక్కకు తప్పుకోలేదు.

ఆ పిల్ల ఏనాడూ అతన్ని పేరుతో తప్ప పిలవలేదు. అతనూ కోరలేదు. పడవవాడికి ఒడ్డు మీద హక్కుండదు, దాటించడమే అతని పని అని సర్దిచెప్పుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఒడ్డే అతన్ని పిలిచింది. తీరా పిలిచాక, టోర్మద్ కత్తిని టోర్మద్ పెట్టుకున్న చోటే పెట్టుకుని నడిస్తే, ఆ నడిచేది ఎవరు? తను ఎడమచేతి వాటం మనిషి. తను వేసిన ముడులు విప్పలేక రేవంతా తిట్టుకుంటుంది. కుడికాలికి ఉన్న కత్తి తనకు కత్తి కాదు, ఎవరో దాచిపెట్టమని ఇచ్చిన వస్తువు. పోనీ ఎడమకు మారుద్దామంటే, హెక్టర్ కిల్టు ఇస్త్రీ చేసే ఉంది.

తలుపు తట్టకుండా లోపలికి వచ్చినవాడు డూగల్, మర్డో అన్న. డూగల్‌కు లోకంలోని నియమాలేవీ గిట్టవు, తను పెట్టినవి తప్ప. అతని స్పోరన్ పొత్తికడుపుకూ మోకాళ్ళకూ నడుమ దిక్కులేనిదానిలా వేలాడుతోంది. లోపల ఏం కూరాడో, ఉబ్బి కూడా ఉంది.

“ఒరేయ్, ఇంకా ఒట్టి చొక్కాతోనే ఉన్నావా? పెళ్ళికూతురు ముస్తాబై కింద టీ తాగుతోంది.”

“కత్తి ఏ కాలికి అన్నయ్యా?”

“నీ కాలికే పెట్టుకో. నా కాలికొద్దు.”

“కుడా, ఎడమా అని అడుగుతున్నా.”

“రొట్టెకు ఏ చేత్తో వెన్న రాస్తావో ఆ కాలికి. అంటే ఎడమ. ఇందులో ఆలోచించడానికేముందిరా? పుస్తకాలు చదివీ చదివీ నీకు గుమ్మం దాటడం కూడా ఒక సమస్యైపోయింది.”

“కుడి,” అంది గుమ్మంలోంచి ఇంకో గొంతు.

హెక్టర్ వచ్చాడు. మేజోళ్ళ అంచులు రెండూ ఒకే ఎత్తున ఉన్నాయి. ఎర్ర పట్టీల కొసలు సరిగ్గా కాళ్ళ వెలుపలి వైపుకు దిగాయి. బూట్ల లేసులు చీలమండ చుట్టూ తిరిగి, ముందుకు వచ్చి ముడిపడ్డాయి. ఎక్కడా ఒక నూలుపోగు కూడా అదనంగా గాలి పీల్చడం లేదు.

“దయచేయండి సార్జెంటు గారూ,” అన్నాడు డూగల్. “గోడ మీది పటం దిగొచ్చిందనుకున్నా.”

హెక్టర్ అతన్ని కింది నుంచి పైకి చూశాడు. “ఆ లేసులేమిటి, బఠాణీ తీగ పాకినట్టు పిక్కల దాకా? ఆ స్పోరన్ ఏమిటి, ఆవు మెడలో గంటలాగా? బెల్టు బిళ్ళ కింద నాలుగు వేళ్ళ జాగా, అక్కడ స్పోరన్. అంతకంటే కిందికి దిగిందంటే మనిషి తాగి ఉన్నాడని అర్థం.”

“ఎవరి నాలుగు వేళ్ళు? నీవి సాసేజుల్లా ఉన్నాయి. నీ లెక్కన కొలిస్తే నాది సరిగ్గానే ఉంది.”

“ఎవరి కిల్టుకు వాళ్ళ వేళ్ళే కొలత. ఆ మాత్రం తెలియదా?”

“మరి ఎవరి చేతివాటం వాళ్ళ కాలికి అంటే నీకొచ్చిన బాధేమిటి?”

మర్డోకు అన్న మీద ఉన్నట్టుండి గౌరవం పుట్టింది. తర్కం ఎప్పుడు ఎవరి ఇంట్లో దిగుతుందో చెప్పలేం. ఆ అతిథికి ఇల్లు శుభ్రంగా ఉందా లేదా అన్న పట్టింపు లేదు.

“అది వేరు, ఇది వేరు,” అన్నాడు హెక్టర్ చివరికి. ఓడిన వాదాలన్నీ తలదాచుకునే మాట అది. ఆ మాటతో మంచం మీది కత్తి తీసుకుని, ఒర లాగి, బొటనవేలిని అంచు మీద నడిపాడు. “ఇది ఆయుధం కాదు, అలంకారం. అలంకారానికి ఒక స్థానం… ఓయ్!”

బొటనవేలి మీద ఎర్రటి చుక్క లేచింది.

“దీనికి పదును పెట్టావా?”

“చేతికొచ్చిన కత్తికి సాన పట్టడం అలవాటండీ,” అన్నాడు మర్డో. “పడవలో మొండి కత్తి ఉంటే ప్రమాదం.”

“టోర్మద్ దగ్గర ఉన్నన్నాళ్ళూ ఇది వెన్ననైనా కోయలేదు!”

“ఇప్పుడు ఏకంగా సార్జెంటునే కోసింది. పదోన్నతే,” అన్నాడు డూగల్.

హెక్టర్ వేలు చప్పరిస్తూ స్నానాలగదికి వెళ్ళాడు, వెళుతూ వెళుతూ కూడా కుడి అన్నట్టు కుడికాలి వైపు వేలు చూపించి. అతను అటు వెళ్ళగానే డూగల్ తమ్ముడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని వెండి పిన్ను అందుకున్నాడు.

“కదలకు. ఇది నేను చూసుకుంటా. బయట గాలి చూశావా? రేవులో గొర్రెలే పక్కకు ఒరిగి నడుస్తున్నాయి. చర్చి మెట్ల మీద ఊరంతా చూస్తుండగా నీ కిల్టు లేచిందనుకో, పెళ్ళి ఎవరికీ గుర్తుండదు.”

మర్డో కదలలేదు. అద్దంలో కుడి ఎడమలను మళ్ళీ పరీక్షిస్తున్నాడు. కింద ఏదో లోహం నొక్కిన చప్పుడు ‘కటక్’మని వినబడింది. డూగల్ చేతులు దులుపుకుని లేచాడు. “తుఫాను రానీ ఇక,” అన్నాడు.

హెక్టర్ కట్టు కట్టిన వేలితో తిరిగి వచ్చి, కత్తిని మర్డో కుడి మేజోడులో దోపాడు. డూగల్ వంగి దాన్ని తీసి ఎడమ మేజోడులో పెట్టాడు. హెక్టర్ మళ్ళీ కుడికి తెచ్చాడు. మర్డో రెండు కాళ్ళూ అప్పగించి, నాడాలు వేయించుకుంటున్న గుర్రంలా నిలబడ్డాడు. తన కాళ్ళ గురించి ఇంత చర్చ జరుగుతుంటే తను మాత్రం అక్కడ లేనట్టుగా అతనికి తోచింది.

“ముగ్గురు మగాళ్ళు కలిసి ఒక్క మనిషికి బట్టలు వేయలేకపోతున్నారా?” నీలం టోపీ సర్దుకుంటూ మోరాగ్ వచ్చింది. “పెళ్ళికూతురి వీపు మీద అన్ని బొత్తాలూ నేనొక్కదాన్నే పెట్టాను.”

“సమయానికి వచ్చావు మోరాగ్.” హెక్టర్ మొహం వెలిగింది. “నువ్వే చెప్పు. టోర్మద్ కత్తి ఏ మేజోడులో పెట్టుకునేవాడు?”

మోరాగ్ టోపీ మీద చేయి ఆపి, కాసేపు గుర్తుచేసుకుంది.

“ఏ మేజోడుకు చిల్లు లేకపోతే దాంట్లో.”

డూగల్ కిటికీ వైపు తిరిగాడు. అతని భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

“మా పెళ్ళినాడు కుడిదానికి చిల్లు,” అంది మోరాగ్. “అందుకని ఎడమలో పెట్టుకున్నాడు. డాన్సు మధ్యలో అదీ జారి బూటులోకి పోయింది. పాపం, పాట అయ్యేదాకా కుంటుతూనే ఆడాడు. అవేవో కొత్త అడుగులనుకుని మీ పిన్ని కొడుకులు కూడా కుంటుతూ ఆడారు.”

“అలా జరగలేదు. నేనక్కడే ఉన్నాను.”

“మీరు బ్యాగ్‌పైపు వాయిస్తున్నారు బావగారూ. కళ్ళు మూసుకుని.”

హెక్టర్ మంచం అంచున కూర్చున్నాడు. అతను వెన్ను వాల్చి కూర్చోవడం మర్డో మొదటిసారి చూశాడు. గెలిచిన సంతోషమేమీ కలగలేదు. ఒక మనిషి తమ్ముణ్ణి పోగొట్టుకుంటే, మిగిలిన దాన్ని ఎక్కడో ఒకచోట నిలబెట్టుకోవాలి కదా. ఈయన కుడి మేజోడులో నిలబెట్టుకున్నాడు.

“మరి నన్నేం చెయ్యమంటావు?” అని మర్డో భార్యను అడిగాడు.

“కాలు నీది. పడవకు వేళైంది,” అని ఆమె వెళ్ళిపోయింది.

మర్డో కత్తిని ఒరలో దోపి, కుడీ ఎడమా కాకుండా స్పోరన్‌లో పడేసి మూత మూశాడు. తేల్చుకోలేనివాడు ఏ పక్షానికీ చెందని చోటు ఒకటి వెతుక్కుంటాడు. దానికి మధ్యేమార్గమని పేరు కూడా పెడతాడు.

“స్పోరన్‌లో కత్తా!” హెక్టర్‌కు ప్రాణం లేచొచ్చింది. “అదేమైనా కూరగాయల సంచా?”

“సంచే కదా,” అన్నాడు డూగల్, తన సంచి తట్టి చూపిస్తూ.

రేవుకు దిగే వాలులోనే మర్డోకు ఏదో తేడా తెలిసింది. అడుగు సాగడం లేదు. మోకాలి దగ్గర ఎవరో పట్టుకుని ఆపుతున్నట్టుంది. కాళ్ళకు బంధం వేసిన గొర్రెలా చిన్న చిన్న అడుగులు వేస్తూ పడవెక్కాడు.

మర్సలీ అప్పటికే లోపల ఉంది. ఒంటి మీద తెల్లటి పెళ్ళిగౌను, దాని అంచంతా అమ్మమ్మ చేత్తో అల్లిన లేసు. కాళ్ళకు మాత్రం బురద బూట్లు. పెళ్ళి చెప్పులు సంచిలో ఉన్నాయి.

“మర్డో, ఎందుకలా నడుస్తున్నావ్?”

“మర్యాదగా.”

“మర్యాదకు ఇంత సేపు పడుతుందా?”

పడవ నడుపుతున్నది అతని సహాయకురాలు ఇష్‌బెల్. మర్డో చూపు అలవాటుగా చుక్కాని చక్రం మీదికి పోగానే ఆమె చుక్కాని గదిలోంచి తల బయట పెట్టింది. “ఇటు చూడకు మర్డో. ఈవేళ నువ్వు ప్రయాణికుడివి. ఆ బల్ల మీద కూర్చుని సముద్రం బాగుందని మెచ్చుకో.”

కూర్చోబోయాడు. కూర్చోవడమూ కుదరలేదు. హెక్టర్ కళ్ళు పిన్ను మీద పడ్డాయి.

“దేవుడా. రెండు పొరలూ కలిపి గుచ్చారు!”

“గాలి,” అన్నాడు డూగల్.

“పిన్ను పై పొరకే గుచ్చాలి! అది బరువు కోసం, బందోబస్తు కోసం కాదు! రెండూ కలిపితే కిల్టు ఎలా కదులుతుంది? అది గోనెసంచి అవుతుంది! తీయండి ముందు.”

మర్డో వంగి తీయబోయాడు. రాలేదు. హెక్టర్ కట్టు కట్టిన వేలితో ప్రయత్నించాడు. రాలేదు.

“అది రాదు,” అన్నాడు డూగల్, కాస్త గర్వంగా. “ప్లయరుతో మూతి నొక్కేశాను.”

“ఇష్‌బెల్!” అని అరిచాడు మర్డో. “సామాన్ల పెట్టెలో ప్లయరివ్వు.”

“ప్లయరు డూగల్ నిన్ననే పట్టుకుపోయాడు.”

అందరూ డూగల్ వైపు చూశారు. అతని గర్వం కొంచెం తగ్గింది.

“మీ మంచం మీద ఉంది,” అన్నాడు.

అప్పటికి పడవ నడి పాయలో ఉంది. హెక్టర్ కిల్టు పిన్నుల చరిత్ర మొదలుపెట్టాడు. ఉపన్యాసం పటాలం దాకా రాగానే డూగల్ స్పోరన్ మూత తీసి, కాగితంలో చుట్టిన సాసేజ్ రోల్ బయటికి తీశాడు.

“ఆ సంచిలో ఇంతసేపూ ఉన్నది అదా?”

“నువ్వు మాట్లాడటం మొదలుపెడితే నాకు ఆకలేస్తుందని ముందే తెలుసు.”

సముద్రపు కొంగలకు కూడా తెలుసు. డూగల్ నోరు తెరిచేలోపు తెల్లటి రెక్కల ముద్ద ఒకటి ఆకాశం నుంచి అతని మొహం మీదికి దిగింది. దాని వెనక ఇంకొకటి. డూగల్ బొబ్బ పెట్టాడు. మోరాగ్ టోపీ పట్టుకుంది. హెక్టర్ “చెదరకండి, వరస తప్పకండి!” అని ఆజ్ఞ ఇచ్చి తనే బల్ల కిందికి వంగాడు. మర్సలీ ఒక్క గెంతులో వచ్చి మర్డో కుడిచేతిని కరుచుకుంది. అతను ఆ పిల్లను తనవైపు తిప్పుకుని, గాలికీ కొంగలకూ వీపు ఒడ్డాడు.

అన్నీ సద్దుమణిగాక డూగల్ చేతిలో కాగితం మిగిలింది. మర్సలీ నవ్వుతూ విడివడబోయి, ఆగిపోయింది.

“మర్డో. నేను రాలేకపోతున్నా.”

గాలికి లేచిన లేసు అంచు పిన్ను చుట్టూ తిరిగి, మూతి దగ్గర చిక్కుపడి, మళ్ళీ తిరిగి, ముడిపడి కూర్చుంది. అంత బాగా మర్డో కూడా ముడి వేయలేడు.

కిల్లాన్ రేవు నుంచి చర్చి దాకా ఇద్దరూ మూడు కాళ్ళ పందెంలో ఉన్నట్టు నడిచారు. తలుపు బయట బ్యాగ్‌పైపు వాయించే మనిషి తనకొచ్చిన పాటలన్నీ అయిపోయి మళ్ళీ మొదటికి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. లోపలి నుంచి పాస్టరు తొంగిచూసి, గడియారం చూసుకుని, తల వెనక్కి లాక్కున్నాడు. మోరాగ్ మెట్ల మీద మోకాళ్ళూని వేళ్ళతో చిక్కు తీయబోయింది. ఒక పోగు వదిలితే రెండు బిగిశాయి.

“ఆ కాస్త లేసూ కోసేస్తే సరి,” అన్నాడు డూగల్. “కింద ఎవరు చూస్తారు?”

“మా అమ్మ చూపు పోతుందన్నా వినకుండా అల్లిన లేసది. దాన్ని ముట్టుకుంటే, కొలుచుకోవడానికి మీకు నాలుగు వేళ్ళు కూడా మిగలవు.”

“అయితే పిన్ను విరిచేద్దాం. రాయి తెస్తా.”

“అది టోర్మద్ పిన్ను!” అన్నాడు హెక్టర్. కట్టు కట్టిన వేలితోనే పిన్నుకు చేయి అడ్డం పెట్టాడు. కాసేపు గడ్డం రుద్దుకుని, మెల్లిగా అన్నాడు: “ఒక్కటే దారి. మర్డో కిల్టు విప్పి అమ్మాయికి వదిలెయ్యాలి. చుట్టి చేత్తో పట్టుకుంటుంది, పూలగుత్తి కింద కనబడదు. మర్డో కోటు కప్పుకుని పక్క తలుపులోంచి వెళ్ళి కూర్చుంటాడు. నడిపించడానికి నేనున్నాను. నా కిల్టు…”

“ఇస్త్రీ చేసే ఉంది,” అన్నారు మోరాగ్, డూగల్, మర్సలీ ఒక్క గొంతుతో.

నవ్వులాటకు అన్నదేమీ కాదది. మర్డోకు తెలుసు. హెక్టర్ ఆ పిల్లకు పెదనాన్న, రక్తసంబంధం. అతని మేజోళ్ళ అంచులు ఒకే ఎత్తున ఉన్నాయి. ఇప్పుడు తను “సరే” అంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. గాలి వల్ల అని, కొంగ వల్ల అని, డూగల్ వల్ల అని ఊరంతా కొన్నేళ్ళపాటు నవ్వుకుంటుంది. తనూ నవ్వుతాడు. పక్క తలుపు పక్కనే ఉంది.

“అన్నట్టు లోపల ఏమైనా వేసుకున్నావా?” అని డూగల్ తమ్ముడి చెవిలో అడిగాడు.

“పాతకాలపు పద్ధతే. ఏమీ లేదు,” అన్నాడు మర్డో.

“అయితే విప్పకు.”

మర్సలీ వాళ్ళిద్దరినీ పట్టించుకోవడం లేదు. వంగి, లేసులో మెరుస్తున్న పిన్నును చూస్తోంది.

“ఇది నాన్నదా? ఎప్పుడూ చూడలేదు నేను,” అంది. వేలి కొసతో దాన్ని ఒకసారి తాకింది. తర్వాత తలెత్తి మర్డోను చూసింది. “నువ్వు చెప్పు మర్డో. ఏం చేద్దాం?”

పెదనాన్నను అడగలేదు, తల్లిని అడగలేదు. మర్డో కిందికి చూశాడు. లేసు అమ్మమ్మది, పిన్ను తండ్రిది. రెండూ ఆ పిల్లవే, ఏ ఒక్కదాన్నీ తెంపడానికి తనకు హక్కు లేదు. కానీ ఆ ముడిలో మూడోది కూడా ఒకటి ఉంది. పిన్ను కింద నలిగి ఉన్న ముదురాకుపచ్చ ఉన్ని గుడ్డ. దాని సంగతి ఇంతసేపూ ఎవరికీ గుర్తు రాలేదు. అతనికి కూడా.

స్పోరన్ మూత తీశాడు. ఎడమ చేయి తిన్నగా లోపలికి పోయి కత్తి పిడిని పట్టుకుంది. అది ఎవరినీ సలహా అడగలేదు.

“ఏం చేస్తున్నావురా?” అన్నాడు డూగల్.

“కదలకు మర్సలీ.”

ఒక మోకాలు మెట్టు మీద ఆనించాడు. బిగిసి ఉన్న రెండు పొరల్లోకీ మొన దించి, పిన్ను చుట్టూ కత్తి తిప్పాడు. తండ్రి కాలపు ఉన్ని మందంగా ఉంది, కానీ పదును నిన్నటిది. కరకరమని తెగింది.

“నాన్న కిల్టురా!” డూగల్ తల పట్టుకున్నాడు. నియమాలంటే గిట్టని మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నాన్న కిల్టును కోశావురా!”

“అవును. ఇప్పుడది నాదే కదా, అన్నయ్యా.”

ముడి విడిపోలేదు. విడిపోయింది మర్డో. వెండి పిన్ను, దానికి అంటుకుని బొటనవేలంత ఆకుపచ్చ ముక్క, రెండూ మర్సలీ లేసులోనే ఉండిపోయాయి. ఆ పిల్ల గౌను అంచు కాస్త ఎత్తి చూసుకుంది. మోరాగ్ దాన్ని దాచడానికి చేయి చాచింది.

“ఉండనీ అమ్మా,” అంది మర్సలీ. బురద బూట్లు విడిచి చెప్పులు తొడుక్కుంది. “ఇలాగే బాగుంది.”

మర్డో లేచి నిలబడ్డాడు. కిల్టు మూల ఎలుక కొరికినట్టుంది. అందులోంచి గాలి లోపలికి వచ్చి మోకాలిని పలకరించింది. అడుగు సాగదీసి చూశాడు, సాగింది.

చేతిలో కత్తి మిగిలింది. హెక్టర్ దాన్నే చూస్తున్నాడు. డూగల్ హెక్టర్‌ను చూస్తున్నాడు. బ్యాగ్‌పైపు మనిషి కూడా ఊపిరి కోసం ఆగి, ఇటే చూస్తున్నాడు.

మర్డో వంగి, కత్తిని ఒరలో పెట్టి, ఎడమ మేజోడులో దోపుకున్నాడు. పిడి మాత్రం పైకి కనబడేలా సర్దాడు.

హెక్టర్ దగ్గరకు వచ్చాడు. మర్డో కుడి చేయి పట్టుకుని, అతని నాలుగు వేళ్ళనే బెల్టు బిళ్ళ కింద ఆనించి కొలిచి, జారిన స్పోరన్‌ను పైకి లాగి గొలుసు బిగించాడు. “ఇప్పుడు సరిగ్గా ఉంది,” అని పక్కకు తప్పుకున్నాడు.

“రా అమ్మా,” అని మర్డో చేయి చాచాడు. మర్సలీ ఆ చేయి పట్టుకుంది. అతను ముందుగా ఎడమకాలు ఎత్తి, గడప దాటాడు.